యూనిట్ – 11: ప్రసార వీడియో పరికరాలలో కచ్చిత కాల సమకాలీకరణ

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను అధ్యయనం చేసిన తర్వాత మీరు:
• ప్రసార పరికరాలన్నింటికీ ఒకే కాలం ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
• నాలుగు టైమ్‌స్టాంపుల ఆధారంగా గడియారాల మధ్య తేడాను, మార్గంలో జరిగే ఆలస్యాన్ని లెక్కించగలుగుతారు.
• గ్రాండ్‌మాస్టర్, స్విచ్, కెమెరాలలో చేయవలసిన అమరికలను వరుస క్రమంలో చెప్పగలుగుతారు.
• సమకాలీకరణ దెబ్బతిన్నప్పుడు లోపం ఎక్కడుందో గుర్తించగలుగుతారు.

11.1 ఉపోద్ఘాతం

కామారెడ్డి, ఎల్లారెడ్డి ఒకే జిల్లాలోని పట్టణాలు. ఎల్లారెడ్డి కామారెడ్డికి పడమరన ఉంది. రెండింటి రేఖాంశాల మధ్య తేడా డిగ్రీలో మూడో వంతు కూడా లేదు. అయినా కామారెడ్డిలో సూర్యుడు నడినెత్తికి వచ్చాక, ఎల్లారెడ్డిలో అదే స్థితికి రావడానికి ఇంకా సుమారు 75 సెకన్లు పడుతుంది. ఎందుకంటే భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు తీసుకుంటుంది. ప్రతి ఊరూ తన నీడను చూసి గడియారం పెట్టుకుంటే ఈ రెండు ఊళ్ల గడియారాలు ఎప్పటికీ కలవవు. రైళ్లు, తంతి వచ్చాక ఈ పద్ధతి సాగలేదు. దేశమంతటికీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఆధారం చేసుకొని 1906 జనవరి 1 నుంచి భారత ప్రామాణిక కాలాన్ని అమలులోకి తెచ్చారు. నేడు ఆ కాలాన్ని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరమాణు గడియారాలతో నిర్వహిస్తున్నది.

రైలు ప్రయాణికుడికి అర నిమిషం తేడా పెద్ద ఇబ్బంది కాదు. వీడియోకు ఆ వెసులుబాటు లేదు. మన దేశంలో టెలివిజన్ సెకనుకు 25 ఫ్రేములతో నడుస్తుంది. అంటే ఒక్కో ఫ్రేము కాలం 40 మిల్లీసెకన్లు. హై డెఫినిషన్ చిత్రంలో ఒక్కో ఫ్రేముకు మొత్తం 1125 గీతలు ఉంటాయి. ఒక గీతకు దక్కే కాలం సుమారు 35.6 మైక్రోసెకన్లు. రెండు కెమెరాల చిత్రాలను కలపాలంటే వాటి గడియారాలు ఇంతకంటే చాలా దగ్గరగా నడవాలి.

2023 డిసెంబరు 3న రాష్ట్రమంతా కామారెడ్డి వైపు చూసింది. నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు, రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు ఎ. రేవంత్ రెడ్డి ఇద్దరూ పోటీ చేసిన ఆ స్థానంలో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి కాటిపల్లి వెంకట రమణారెడ్డి గెలిచారు. అటువంటి రోజున ప్రత్యక్ష ప్రసారంలో మాటకూ పెదవి కదలికకూ పొంతన లేకపోయినా, చిత్రం క్షణంపాటు ఆగినా చూసేవారికి ఆ వార్త మీదనే నమ్మకం సడలుతుంది. రెండు కెమెరాలు చిత్రీకరించిన ఒకే సంఘటనలో ఏది ముందు జరిగిందో తేల్చవలసి వస్తే, వాటిపై ముద్రితమైన కాలమే ఆధారం. ఆ కాలం తప్పయితే సాక్ష్యమూ తప్పవుతుంది. ఈ యూనిట్‌లో మనం తీసుకునే కామారెడ్డి, ఎల్లారెడ్డి కేంద్రాల ఉదాహరణ కేవలం అధ్యయనం కోసం ఊహించినది.

11.2 బ్లాక్ బరస్ట్ నుంచి పి.టి.పి. వరకు

పాత స్టూడియోలలో ఒక సింక్ జనరేటర్ ఉండేది. అది బ్లాక్ బరస్ట్ అనే సంకేతాన్ని ఒక్కో కెమెరాకు, ఒక్కో రికార్డర్‌కు ప్రత్యేకమైన కోయాక్సియల్ కేబుల్ ద్వారా పంపేది. హై డెఫినిషన్ వచ్చాక ట్రై-లెవల్ సింక్ వాడుకలోకి వచ్చింది. ఇలా అన్ని పరికరాలనూ ఒకే తాళానికి నడపడాన్ని జెన్‌లాక్ అంటారు. కోలాటంలో ఒకరు తాళం వేస్తే అందరూ ఆ దెబ్బకే కోలలు కలిపినట్లు ఇది పనిచేస్తుంది. అయితే తాళం ‘ఇప్పుడు’ అని మాత్రమే చెబుతుంది. గంట ఎంతయిందో చెప్పదు. అందుకోసం టైమ్‌కోడ్‌ను వేరే కేబుల్‌పై పంపేవారు.

2017లో ఎస్.ఎం.పి.టి.ఇ. సంస్థ ఎస్.టి. 2110 ప్రమాణాలను విడుదల చేయడం ప్రారంభించింది. దీని ప్రకారం వీడియో, ఆడియో, అనుబంధ సమాచారం వేర్వేరు ప్రవాహాలుగా ఐ.పి. నెట్‌వర్క్‌లో ప్రయాణిస్తాయి. ప్యాకెట్లు వేర్వేరు ఆలస్యాలతో చేరతాయి కాబట్టి వాటిని తిరిగి జత చేయడానికి ప్రతి ప్యాకెట్ మీద అది పుట్టిన కాలం ఉండాలి. ఆ కాలాన్ని వేసే గడియారాలన్నీ కలవాలి. కాబట్టి నెట్‌వర్క్‌లోనే కాలాన్ని పంపిణీ చేసే పద్ధతి అవసరమైంది.

కంప్యూటర్లలో వాడే ఎన్.టి.పి. సాధారణంగా మిల్లీసెకన్ల స్థాయి కచ్చితత్వం ఇస్తుంది. ఆఫీసు పనికి అది చాలు, వీడియోకు చాలదు. ఐ.ఇ.ఇ.ఇ. 1588 ప్రమాణంలో నిర్వచించిన ప్రెసిషన్ టైమ్ ప్రొటోకాల్, అంటే పి.టి.పి., మైక్రోసెకనుకు లోపలి కచ్చితత్వం ఇవ్వగలదు. ప్యాకెట్ నెట్‌వర్క్ పోర్టును దాటిన క్షణంలోనే హార్డ్‌వేర్ టైమ్‌స్టాంప్ వేయడం దీనికి ప్రధాన కారణం. ఈ ప్రమాణం మొదటి రూపం 2002లోనూ, రెండో రూపం 2008లోనూ వచ్చాయి. ప్రసార రంగానికి తగినట్లు దాని విలువలను నిర్ణయించినది 2015 నాటి ఎస్.టి. 2059-2. ఏ రెండు పరికరాల మధ్యనైనా తేడా 1 మైక్రోసెకను లోపు ఉండాలన్నది దాని లక్ష్యం.

11.3 పి.టి.పి. పనిచేసే తీరు

11.3.1 నాలుగు టైమ్‌స్టాంపులు

కాలం చెప్పే పరికరాన్ని మాస్టర్ అని, దాన్ని అనుసరించే పరికరాన్ని స్లేవ్ అని పరికరాల మెనూలలో చూస్తారు. కొత్త పత్రాలలో వీటికి బదులు టైమ్ ట్రాన్స్‌మిటర్, టైమ్ రిసీవర్ అనే పేర్లు వస్తున్నాయి. వీటి మధ్య సంభాషణ ఇలా సాగుతుంది:

1. మాస్టర్ సింక్ సందేశం పంపుతుంది. పంపిన కాలం టి1. కొన్ని పరికరాలు టి1 విలువను అదే సందేశంలో, మరికొన్ని వెనువెంటనే పంపే ఫాలో-అప్ సందేశంలో తెలుపుతాయి.
2. స్లేవ్ దానిని అందుకున్న కాలం టి2.
3. స్లేవ్ డిలే రిక్వెస్ట్ పంపుతుంది. పంపిన కాలం టి3.
4. మాస్టర్ దానిని అందుకున్న కాలం టి4. ఈ విలువను డిలే రెస్పాన్స్‌లో స్లేవ్‌కు తెలుపుతుంది.

టి1, టి4 మాస్టర్ గడియారం ప్రకారం, టి2, టి3 స్లేవ్ గడియారం ప్రకారం నమోదవుతాయి. వీటి నుంచి:

మార్గ ఆలస్యం = [(టి2 – టి1) + (టి4 – టి3)] ÷ 2
గడియారాల తేడా = [(టి2 – టి1) – (టి4 – టి3)] ÷ 2

ఉదాహరణ: కామారెడ్డిలో మాస్టర్, ఎల్లారెడ్డిలో స్లేవ్ ఉన్నాయనీ, వాటి మధ్య 40 కి.మీ. ఫైబర్ ఉందనీ అనుకుందాం. టి1 = 1000, టి2 = 1260, టి3 = 1500, టి4 = 1640 మైక్రోసెకన్లు. వెళ్లే దిశలో 260, వచ్చే దిశలో 140 కనిపించాయి.

మార్గ ఆలస్యం = (260 + 140) ÷ 2 = 200 మైక్రోసెకన్లు
గడియారాల తేడా = (260 – 140) ÷ 2 = 60 మైక్రోసెకన్లు

అంటే ఎల్లారెడ్డి గడియారం 60 మైక్రోసెకన్లు ముందున్నది. ఈ లెక్క సరైనదేనా అని భౌతికశాస్త్రంతో సరిచూడవచ్చు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కి.మీ. పోతుంది. కి.మీ.కు 5 మైక్రోసెకన్ల చొప్పున 40 కి.మీ.కు 200 మైక్రోసెకన్లు. లెక్క సరిపోయింది.

11.3.2 రాకపోకల అసమానత

పై సూత్రాలలో ఒక ఊహ దాగి ఉంది. పోవడానికి, రావడానికి పట్టే కాలం సమానమని మనం అనుకున్నాం. అది నిజం కాకపోతే ఏమవుతుంది? పోయే ఫైబర్ వచ్చే ఫైబర్ కంటే 2 కి.మీ. పొడవైనదనుకుందాం. ఆలస్యంలో తేడా 10 మైక్రోసెకన్లు. సూత్రంలో 2తో భాగిస్తాం కాబట్టి స్లేవ్ గడియారం 5 మైక్రోసెకన్లు తప్పుగా స్థిరపడుతుంది. మన హద్దు 1 మైక్రోసెకను మాత్రమే. 400 మీటర్ల అసమానత ఒక్కటే ఆ హద్దును పూర్తిగా తినేస్తుంది.

ఈ తప్పులోని ప్రమాదం ఏమిటంటే, స్లేవ్ తెరపై తేడా ‘సున్నా’ అనే చూపిస్తుంది. టైమ్‌స్టాంపులు ఎన్నిసార్లు మార్చుకున్నా ఈ తప్పు వాటిలో కనిపించదు. కాబట్టి మన అధీనంలో లేని, రెండు దిశలలో వేర్వేరు దారుల్లో పోయే అద్దె లైన్లపై పి.టి.పి.ని పంపడం మంచిది కాదు. ప్రతి కేంద్రంలోనూ సొంత ఉపగ్రహ రిసీవరు గల గ్రాండ్‌మాస్టర్‌ను పెట్టడమే సరైన పద్ధతి. రెండూ ఒకే ఉపగ్రహ వ్యవస్థ నుంచి కాలం తీసుకుంటే, మధ్యలో ఏ లైనూ లేకుండానే కామారెడ్డి, ఎల్లారెడ్డి గడియారాలు కలుస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: మీ జవాబులను యూనిట్ చివరి నమూనా జవాబులతో సరిచూసుకోండి.
(అ) టి1 = 0, టి2 = 90, టి3 = 300, టి4 = 410 మైక్రోసెకన్లు అయితే మార్గ ఆలస్యం, గడియారాల తేడా ఎంత?
(ఆ) స్లేవ్ తెరపై తేడా సున్నా కనిపిస్తే కాలం సరిగ్గా ఉన్నట్లేనా?

11.4 గ్రాండ్‌మాస్టర్ ఎంపిక

ఒక నెట్‌వర్క్‌లో మాస్టర్ కాగల పరికరాలు పలు ఉండవచ్చు. వాటిలో ఏది గ్రాండ్‌మాస్టర్ కావాలో పరికరాలే తేల్చుకుంటాయి. ఇందుకు వాడే నియమావళిని ఉత్తమ మాస్టర్ గడియార అల్గారిథం అంటారు. ప్రతి అభ్యర్థీ అనౌన్స్ సందేశాలలో తన వివరాలు ప్రకటిస్తుంది. వాటిని ఈ క్రమంలో పోలుస్తారు: ప్రయారిటీ 1, క్లాక్ క్లాస్, కచ్చితత్వం, స్థిరత్వం, ప్రయారిటీ 2, చివరగా గడియారం గుర్తింపు సంఖ్య. ప్రతి దశలోనూ చిన్న సంఖ్యదే గెలుపు. ఒక దశలో తేడా తేలితే తర్వాతి దశలను చూడరు.

ఉపగ్రహ కాలానికి లాక్ అయిన గ్రాండ్‌మాస్టర్ క్లాక్ క్లాస్ 6. ఆ సంకేతం పోయి, లోపలి ఆసిలేటర్ బలంతో పరిమితుల లోపల నడుస్తున్నప్పుడు 7. ఏ ఆధారమూ లేని సాధారణ పరికరానిది 248.

విద్యార్థులు తరచు చేసే తప్పు ఇక్కడే ఉంది. ప్రధాన గ్రాండ్‌మాస్టర్‌కు ప్రయారిటీ 1ని 10 గానూ, అదనపు గ్రాండ్‌మాస్టర్‌కు 20 గానూ పెడతారు. చూడటానికి సబబుగానే ఉంటుంది. కాని ప్రధాన గ్రాండ్‌మాస్టర్ యాంటెన్నా తీగ తెగి, దాని క్లాస్ 7కు పడిపోయిందనుకోండి. పోలిక ప్రయారిటీ 1 దగ్గరే ముగిసిపోతుంది. క్లాస్ దాకా వెళ్లదు. ఆరోగ్యంగా ఉన్న అదనపు గ్రాండ్‌మాస్టర్ ఊరకే ఉంటుంది, గాడి తప్పుతున్నది కాలం చెబుతూనే ఉంటుంది. కాబట్టి రెండింటికీ ప్రయారిటీ 1 సమానంగా ఇచ్చి, ప్రయారిటీ 2లో మాత్రమే తేడా చూపాలి. అప్పుడు యోగ్యత ముందు, మన ఇష్టం తర్వాత అవుతాయి.

11.5 నెట్‌వర్క్ స్విచ్‌ల పాత్ర

సాధారణ స్విచ్‌లో ఒక ప్యాకెట్ మరొకదాని వెనుక వరుసలో ఆగవచ్చు. 1500 బైట్ల ప్యాకెట్ సెకనుకు ఒక గిగాబిట్ లైనులో బయటికి పోవడానికి 12 మైక్రోసెకన్లు పడుతుంది. అంటే సింక్ సందేశం ఒకే ఒక్క ప్యాకెట్ వెనుక ఆగినా మన హద్దుకు 12 రెట్లు ఆలస్యమవుతుంది. పైగా ఆ ఆలస్యం ఒకసారి ఉన్నట్లు మరోసారి ఉండదు. దీనికి రెండు పరిష్కారాలు ఉన్నాయి.

బౌండరీ క్లాక్: స్విచ్ తానే ఒక పోర్టులో స్లేవ్‌గా ఉండి కాలం నేర్చుకుంటుంది; మిగతా పోర్టులలో మాస్టర్‌గా ఉండి పంచుతుంది. గ్రాండ్‌మాస్టర్‌పై భారం తగ్గుతుంది కాబట్టి పెద్ద కేంద్రాలలో దీనినే ఎక్కువగా వాడతారు.

ట్రాన్స్‌పరెంట్ క్లాక్: స్విచ్ తాను కాలం చెప్పదు. సందేశం తనలో ఎంతసేపు ఆగిందో కొలిచి, ఆ విలువను సందేశంలోని కరెక్షన్ ఫీల్డ్‌లో కలుపుతుంది. స్లేవ్ దానిని తీసివేసి లెక్క కడుతుంది.

11.6 అమరిక క్రమం

అమరికను ఎల్లప్పుడూ కాలం పుట్టే చోటు నుంచి కాలం చేరే చోటు వైపు చేయాలి.

దశ 1 – యాంటెన్నా: ఆకాశం నలువైపులా కనిపించే చోట, మేడ మీద బిగించాలి. మెరుపుల నుంచి రక్షణ పరికరం తప్పనిసరి. 30 మీటర్ల కేబుల్‌లో సంకేతం సుమారు 120 నుంచి 150 నానోసెకన్లు ఆలస్యమవుతుంది. కేబుల్ పొడవును గ్రాండ్‌మాస్టర్‌లో నమోదు చేస్తే అది ఈ ఆలస్యాన్ని సరిచేస్తుంది.

దశ 2 – గ్రాండ్‌మాస్టర్: ప్రొఫైల్‌ను ఎస్.టి. 2059-2గా ఎంచుకోవాలి. ఆ ప్రొఫైల్‌లో ముందే నిర్ణయించిన విలువలు ఇవి:
• డొమైన్: 127
• అనౌన్స్ వ్యవధి: –2 (సెకనుకు 4 సందేశాలు)
• సింక్ వ్యవధి: –3 (సెకనుకు 8 సందేశాలు)
• అనౌన్స్ గడువు: 3 వ్యవధులు (0.75 సెకను)
వ్యవధులను 2 యొక్క ఘాతంగా రాస్తారని గుర్తుంచుకోండి. –3 అంటే సెకనులో ఎనిమిదో వంతు.

దశ 3 – స్విచ్: బౌండరీ క్లాక్‌ను పనిచేయించి, పై విలువలనే ఇక్కడా నమోదు చేయాలి. పి.టి.పి. సందేశాలు మల్టీకాస్ట్‌లో 224.0.1.129 చిరునామాపై, యు.డి.పి. పోర్టులు 319, 320 ద్వారా పోతాయి. వీటిని ఫైర్‌వాల్ గానీ, మల్టీకాస్ట్ వడపోత గానీ అడ్డుకోకుండా చూడాలి. వీడియో రద్దీలో ఇవి వెనుకబడకుండా అన్నింటికంటే పై ప్రాధాన్య వరుసలో ఉంచాలి.

దశ 4 – కెమెరాలు, మిక్సర్లు, గేట్‌వేలు: డొమైన్ 127 అని ఒక్కొక్క పరికరంలో సరిచూడాలి. వీటిని ‘స్లేవ్ ఓన్లీ’గా పెట్టాలి. లేకపోతే గ్రాండ్‌మాస్టర్ వినిపించని మరుక్షణం ఒక కెమెరా తానే కాలం చెప్పడం మొదలుపెట్టవచ్చు. ఆలస్యం కొలిచే విధానం, అంటే ఎండ్-టు-ఎండ్ లేదా పీర్-టు-పీర్, అన్నిచోట్లా ఒకటే ఉండాలి.

దశ 5 – పరిశీలన: ప్రతి పరికరంలో మూడు విషయాలు నమోదు చేసుకోవాలి: ఏ గ్రాండ్‌మాస్టర్ గుర్తింపు సంఖ్య కనిపిస్తున్నది, తేడా ఎంత, మార్గ ఆలస్యం ఎంత. గుర్తింపు సంఖ్య అన్నిచోట్లా ఒకటే అయితేనే తేడా విలువకు అర్థం ఉంటుంది.

11.7 ముప్పై ఏడు సెకన్ల చిక్కు

పి.టి.పి. చెప్పేది మన గోడ గడియారం కాలం కాదు. అది అంతర్జాతీయ పరమాణు కాలం. భూభ్రమణంలోని మార్పులకు అనుగుణంగా సమన్విత విశ్వకాలంలో లీప్ సెకన్లు కలుపుతారు. పరమాణు కాలంలో కలపరు. అందువల్ల 2017 జనవరి 1 నుంచి విశ్వకాలం పరమాణు కాలం కంటే 37 సెకన్లు వెనుక ఉంది. జి.పి.ఎస్. కాలం పరమాణు కాలానికి 19 సెకన్లు వెనుక నడుస్తుంది. భారత ప్రామాణిక కాలం రావాలంటే పరమాణు కాలం నుంచి 37 సెకన్లు తీసి, 5 గంటల 30 నిమిషాలు కలపాలి.

గ్రాండ్‌మాస్టర్ ఈ 37 అనే విలువను అనౌన్స్ సందేశంలో పంపుతుంది. అక్కడ 0 ఉండిపోతే చిత్రం చక్కగానే వస్తుంది, పరికరాలు లాక్ అయినట్లే చూపుతాయి. టైమ్‌కోడ్ మాత్రం 37 సెకన్లు ముందుంటుంది. ఒక కేంద్రంలో సరైన విలువ, మరో కేంద్రంలో తప్పు విలువ ఉంటే, కామారెడ్డిలో జరిగిన సంఘటన రికార్డింగుల ప్రకారం ఎల్లారెడ్డి సంఘటనకు ముందా వెనకా అన్నది తారుమారు కావచ్చు. కాబట్టి టైమ్‌కోడ్‌ను నమ్మకమైన గడియారంతో కంటితో పోల్చి చూడటం అమరికలో భాగమే.

మన 25 ఫ్రేముల పద్ధతిలో ఒక సౌలభ్యం ఉంది. ఫ్రేములను 1970 జనవరి 1, పరమాణు కాలం 0 గంటల నుంచి లెక్కిస్తారు. సెకనుకు సరిగ్గా 25 కాబట్టి ప్రతి సెకను ఆరంభంలో ఒక ఫ్రేము ఆరంభమవుతుంది. సెకనుకు 29.97 ఫ్రేములు వాడే దేశాలలో ఇది కుదరదు. అక్కడ టైమ్‌కోడ్‌ను రోజుకొకసారి సరిదిద్దవలసి వస్తుంది.

11.8 ఆధారం పోయినప్పుడు

2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాలో అతి భారీ వర్షాలు కురిసి, రోడ్లు, రైలు మార్గం దెబ్బతిన్నాయి. ప్రజలకు సమాచారం అత్యవసరమైనదీ, పరికరాలకు ఆపద ఎక్కువగా వచ్చేదీ అలాంటి రోజులలోనే. నీరు చేరి యాంటెన్నా కనెక్టరు పాడైతే గ్రాండ్‌మాస్టర్ ఏం చేస్తుంది? తన లోపలి ఆసిలేటర్‌పై ఆధారపడి నడుస్తుంది. ఈ స్థితిని హోల్డోవర్ అంటారు.

అది ఎంతసేపు నిలుస్తుందో లెక్క వేద్దాం. ఆసిలేటర్ దోషం వంద కోట్లలో ఒక వంతు అయితే సెకనుకు 1 నానోసెకను జరుగుతుంది. 1000 సెకన్లలో, అంటే 17 నిమిషాల లోపే, 1 మైక్రోసెకను హద్దు చేరుతుంది. దోషం అందులో పదో వంతే అయితే సుమారు 2 గంటల 47 నిమిషాలు నిలుస్తుంది. అదే మామూలు క్వార్ట్జ్ స్ఫటికం, దోషం పది లక్షలలో 10 వంతులు అనుకుంటే, 67 నిమిషాలలో ఒక పూర్తి ఫ్రేము పక్కకు జరిగిపోతుంది. మంచి ఆసిలేటర్‌కు పెట్టే ఖర్చు మనం కొనుక్కునే వ్యవధి అని గ్రహించాలి. ఆ వ్యవధిలో ఎవరో ఒకరు మేడ ఎక్కి కనెక్టరు మార్చగలగాలి.

11.9 లోపాలను గుర్తించడం

• పరికరం అసలు లాక్ కావడం లేదు: మొదట డొమైన్ సంఖ్య చూడండి. 1588 ప్రమాణపు సాధారణ ప్రొఫైల్‌లో అది 0. ప్రసార ప్రొఫైల్‌లో 127. తర్వాత ఆలస్యం కొలిచే విధానం, మల్టీకాస్ట్ వడపోత చూడండి.
• లాక్ అవుతుంది, మళ్లీ పోతుంది: అనౌన్స్ వ్యవధి, గడువు అన్నిచోట్లా ఒకటేనా చూడండి. మాస్టర్ నెమ్మదిగా పంపుతూ, స్లేవ్ తొందరగా ఆశిస్తే ఇలా జరుగుతుంది.
• తేడా విలువ ఊగుతున్నది: మార్గంలో పి.టి.పి. తెలియని స్విచ్ ఉందేమో, ప్రాధాన్య వరుస సరిగా ఉందేమో చూడండి.
• రెండు గ్రాండ్‌మాస్టర్ సంఖ్యలు కనిపిస్తున్నాయి: నెట్‌వర్క్ రెండుగా విడిపోయింది, లేదా ‘స్లేవ్ ఓన్లీ’ పెట్టని పరికరం మాస్టర్ అయింది.
• అంతా సవ్యమే, టైమ్‌కోడ్ మాత్రం తప్పు: 37 సెకన్ల విలువను, స్థానిక కాల తేడాను చూడండి.

11.10 సారాంశం

ఐ.పి. ఆధారిత ప్రసారంలో వీడియో, ఆడియో వేర్వేరుగా ప్రయాణిస్తాయి. వాటిని తిరిగి కలిపేది టైమ్‌స్టాంపులే. పి.టి.పి. నాలుగు టైమ్‌స్టాంపులతో మార్గ ఆలస్యాన్ని, గడియారాల తేడాను లెక్కిస్తుంది. పోయే, వచ్చే దారులు సమానం కానప్పుడు కనిపించని తప్పు మిగిలిపోతుంది. అందుకే దూర కేంద్రాలకు వేర్వేరు ఉపగ్రహ గ్రాండ్‌మాస్టర్లు మేలు. రెండు గ్రాండ్‌మాస్టర్లకు ప్రయారిటీ 1 సమానంగా ఉంచాలి. ‘లాక్’ అన్న పచ్చదీపం ఒక్కటే చాలదు. ఎవరికి లాక్ అయిందో, ఆ కాలం సరైనదో కాదో కూడా చూడాలి.

11.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి – నమూనా జవాబులు

1. (అ) మార్గ ఆలస్యం = (90 + 110) ÷ 2 = 100 మైక్రోసెకన్లు. గడియారాల తేడా = (90 – 110) ÷ 2 = –10 మైక్రోసెకన్లు. స్లేవ్ 10 మైక్రోసెకన్లు వెనుకబడి ఉంది.
(ఆ) కాదు. మార్గంలో అసమానత ఉన్నా, తప్పు గ్రాండ్‌మాస్టర్‌ను అనుసరిస్తున్నా తేడా సున్నాగానే కనిపించవచ్చు.

11.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నాలుగు టైమ్‌స్టాంపుల పద్ధతిని ఉదాహరణతో వివరించండి.
2. ఒక చిన్న ప్రసార కేంద్రంలో పి.టి.పి. అమరిక దశలను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బౌండరీ క్లాక్, ట్రాన్స్‌పరెంట్ క్లాక్‌ల మధ్య భేదాలు.
2. రెండు గ్రాండ్‌మాస్టర్లకు ప్రయారిటీ 1 సమానంగా ఎందుకు ఉండాలి?
3. హోల్డోవర్ అంటే ఏమిటి? దాని వ్యవధిని ఎలా లెక్కిస్తారు?